నలభై నిమిషాల తర్వాత

తాడు ఒక్కసారి లాగితే ఇంజను అందుకునేది. రేవులోంచి తోసి, రెండు వరసల కెరటాలు దాటించి, నీళ్ళు మట్టిరంగు వదిలి నల్లబడే దాకా ఏ పేచీ పెట్టేది కాదు. పక్కనుంచి పడే సన్నటి నీళ్ళ ధార కూడా ఆగకుండా పడుతూనే ఉండేది. నలభై నిమిషాలకి, ఒక్కోరోజు ముప్పై అయిదుకే, గొంతు మారేది. పూర్తి రేజులో ఉండగా ముందు ఒక దగ్గు. పది లెక్కపెట్టేలోగా ఇంకో దగ్గు. రేజు తగ్గిస్తే సర్దుకున్నట్టే ఉంటుంది. మళ్ళీ ఇస్తే ఇంజను వణుకుతుంది గాని బోటు ముందుకి పోదు. అలా అయిదారు నిమిషాలు పీకులాడి ఆగిపోతుంది. ఇక అరచేతులు బొబ్బలెక్కేలా తాడు లాగినా పలకదు. అరగంటో ముప్పావు గంటో ఊరికే కూర్చుంటే మళ్ళీ మొదటి లాగుకే అందుకుంటుంది.

2022 జూన్ నుంచి ఆగస్టు దాకా ఈ మాటలే ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. విన్నవాళ్ళందరూ తలూపారు. నమ్మినవాళ్ళు తక్కువ. నమ్మకపోవడంలో వాళ్ళ తప్పు లేదు, ఒడ్డు మీద ఆ ఇంజను జబ్బు ఎవరికీ దొరికేది కాదు.

మాది కళింగపట్నానికి దక్షిణపు పక్కన ఉన్న పల్లె. రాత్రిళ్ళు లైట్‌హౌసు దీపం మా ఇళ్ళ వరకూ కనిపిస్తుంది. హార్బరు లేదు, జెట్టీ లేదు. మా జిల్లాలోని బుడగట్లపాలెం హార్బరుకి శంకుస్థాపన జరిగింది కూడా ఆ మరుసటి ఏడు ఏప్రిల్లోనే. ఇచ్ఛాపురం నుంచి రణస్థలం దాకా ఇంత పొడుగు తీరం ఉండి, మాలాంటి వాళ్ళం ఇవాళ్టికీ ఫైబరు బోటుని ఇసక మీంచి భుజాలతో తోసుకునే సముద్రంలో దించుతాం. తిరిగొచ్చినప్పుడు కెరటాల మధ్యనుంచి దూసుకొచ్చి ఇసకలోకి ఎక్కిస్తాం. పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ కెరటాల దగ్గర గడిచేది రెండు మూడు నిమిషాలే. మా బతుకంతా ఆ రెండు మూడు నిమిషాల్లోనే ఉంటుంది. లోపల సముద్రంలో ఇంజను ఆగితే వేట పాడవుతుంది. కెరటంలో ఆగితే మనిషి పోతాడు.

మా బోటుకి వెనక బిగించే 9.9 హార్స్‌పవర్ మోటారు ఉంది. రెండు సిలిండర్లు, టూ స్ట్రోకు, పెట్రోలుది. లీటరు పెట్రోలుకి 20 మిల్లీలీటర్ల ఆయిలు కలిపి పోస్తాం. బోట్లో నలుగురం. నేను, మా మావ, నా బామ్మర్ది, వరసకి తమ్ముడయ్యే ఇంకో కుర్రాడు. మావంటే మా అమ్మకి తమ్ముడు, నాకు పిల్లనిచ్చిన మావ. తెప్ప మీద తెరచాపతో వేట చేసిన మనిషి. కెరటాన్ని ఆయన చదివినట్టు మా ఊళ్ళో ఎవరూ చదవలేరు. ఇంజను మాత్రం నా చేతిలోనే ఉండేది.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. ఆ 61 రోజులూ ఇంజనుకి గుడ్డ కప్పి ఇంట్లో పెట్టాం. నిషేధం ఎత్తేశాక రెండో రోజో మూడో రోజో మొదటిసారి ఇలా ఆగింది. రెండు నెలలు కదపకుండా ఉంచాం కదా, పాత పెట్రోలు ఏమైనా అడుగున చేరిందేమో అనుకున్నాను. ట్యాంకు ఒంపేసి కడిగాను. కార్బొరేటరు విప్పి, సన్న కన్నాలన్నీ ఊది బిగించాను. కొత్త ప్లగ్గులు వేశాను. మర్నాడు నలభై నిమిషాలకి ఆగిపోయింది.

పట్నం తీసుకెళ్ళి ఒక షాపులో చూపించాం. పెద్ద డ్రమ్ములో నీళ్ళు పోసి, ఇంజను అందులో దించి తిప్పారు. పాతిక నిమిషాలు తిరిగింది. "శుభ్రంగా ఉంది కదా" అన్నాడు మేస్త్రి. నీళ్ళు తోడే రబ్బరు చక్రం అరిగిందని కొత్తది వేశాడు. అది నిజమే, ఇసక నీళ్ళల్లో నడిపే మా ఇంజన్లకి ఆ చక్రం తొందరగా అరిగిపోతుంది. డబ్బులిచ్చి వచ్చేశాం. నాలుగు రోజుల తర్వాత మళ్ళీ తీసుకెళ్ళాం. మళ్ళీ డ్రమ్ము, మళ్ళీ పాతిక నిమిషాలు. ఈసారి మేస్త్రి నా వైపు చూసి, "మీరు ఆయిలు ఎక్కువ కలుపుతున్నట్టున్నారు" అన్నాడు. పక్కనే మావ ఉన్నాడు. ఒక్క మాట కూడా అనలేదు. కాని ఆ రోజు నుంచి ఆయిలు కలిపేటప్పుడు వచ్చి నా పక్కన నించునేవాడు. అది నాకు చాలా బాధగా ఉండేది.

డ్రమ్ములో ఎందుకు దొరకలేదో ఇప్పుడు తెలుసు. డ్రమ్ములో ఇంజను మీద బరువు ఉండదు. నలుగురు మనుషులు, వల, మంచుపెట్టె, ఎదురుగాలి, వీటన్నిటినీ లాగుతూ పూర్తి రేజులో గంటసేపు నడిచే ఇంజను వేడి వేరు, డ్రమ్ములో పాతిక నిమిషాలు చిన్నగా తిరిగే ఇంజను వేడి వేరు. జబ్బు ఆ వేడి దాటాకే పుడుతోంది. ఆ వేడి పుట్టేదేమో ఒడ్డుకి పది పన్నెండు కిలోమీటర్ల అవతల.

నాకు ఇప్పటికీ మింగుడుపడనిది ఆ తర్వాత మేం చేసిన పని. దానికి అలవాటు పడిపోయాం. నలభై నిమిషాలు పోవడం, అది ఆగే ముందే వల దించేయడం, అది చల్లారేలోగా పని చూసుకోవడం. వల లాగేశాక ఒక్కోసారి గంటసేపు ఎదురుచూడటం. జూలై నెలంతా అలాగే నడిచింది. కవళ్ళ చేపలు బాగా పడుతున్నాయి. రెండు నెలల నిషేధం తర్వాత ఇంటి నిండా అప్పులే, బోటు కట్టేసుకుని కూర్చోగలిగిన స్థితి మాది కాదు. "అది దాని గుణం, మనం సర్దుకోవాలి" అన్నాను నేనే. ఆ మాట అన్నది నేనేనని ఎక్కడ అడిగినా ఒప్పుకుంటాను.

ఆగస్టు రెండో వారంలో ఒక మధ్యాహ్నం వల లాగాక ఇంజను అందుకోలేదు. గంట చూశాం. అందుకుంది, పది నిమిషాలు నడిచి ఆగింది. ఇంకో గంట. ఈసారి అయిదు నిమిషాలే. నైరుతి గాలి గట్టిగా ఉంది. చూస్తుండగానే మేం తీరం వెంబడి ఈశాన్యానికి జరిగిపోతున్నాం. మావ లంగరు వెయ్యమన్నాడు. అక్కడ ఇరవై బారల లోతుంది. మా లంగరు తాడు పన్నెండు బారలే. వల తాడు విప్పి దానికి ముడేశాడు. ఆ ముడి ఆయన వేశాడు కాబట్టి తెల్లారే దాకా నిలిచింది, నేనేసుంటే నిలిచేదో లేదో.

చీకటి పడింది. ఫోను సిగ్నలు ఒక గీత వచ్చి పోతోంది. ఇంటికి ఒక్కసారి కలిసింది, "బతికున్నాం" అనే మాట వెళ్ళిందో లేదో తెలీదు, తెగిపోయింది. కోస్టుగార్డుకి 1554 అనే నంబరుందని అప్పటికి మా నలుగురిలో ఒక్కడికీ తెలీదు. ఇప్పుడు బోటు లోపలి గోడ మీద ఎర్ర రంగుతో రాసి ఉంది.

ఆ రాత్రి ఇంజను పైకప్పు తీసేసి గాలి తగిలేలా ఉంచాను. తడిగుడ్డ పిండి పైన కప్పాను. అలా చేసి లాగితే అందుకుని, అంతకుముందు రెండుసార్లు నడిచిన దానికన్నా కొంచెం ఎక్కువసేపే నడిచింది. జబ్బు ఏంటో అది అప్పుడే చెప్పింది. నాకు వినపడలేదు.

కళింగపట్నం దీపం తిరిగినప్పుడల్లా కుర్రాడి మొహం కనిపించేది. పద్దెనిమిదేళ్ళు నిండలేదు. వాడు ఉన్నట్టుండి రథం గురించి అడిగాడు. ఆ ఏడు మే నెలలో, అసని తుపాను రోజుల్లో, సంతబొమ్మాళి మండలం సున్నాపల్లి రేవుకి బంగారు రంగు రథం ఒకటి తేలుతూ వచ్చింది. మనిషన్నవాడు లేడందులో. ఆగ్నేయాసియా దేశాల వైపు నుంచి కొట్టుకొచ్చి ఉంటుందని అన్నారు. జిల్లా అంతా వెళ్ళి చూసింది, మేమూ వెళ్ళాం. "అది ఎన్నాళ్ళు తేలుంటాది మావా?" అని అడిగాడు కుర్రాడు. మావ చాలాసేపు ఊరుకుని, "దానికి లంగరు లేదురా గుంటడా. మనకుంది. తొంగో" అన్నాడు.

వాడు నిద్రపోయాడు. మేం ముగ్గురం పోలేదు. మావ తెరచాప గురించి మాట్లాడాడు. తెప్పల రోజుల్లో గాలి ఉంటే చాలు ఎలాగోలా ఒడ్డు పట్టేవాళ్ళమని, ఇప్పటి బోట్లలో చాప లేదు, ఉన్న తెడ్లు రెండూ కెరటంలో తిప్పుకోవడానికే గాని ఇంత దూరం వెయ్యడానికి పనికిరావని. నన్ను తప్పు పడుతున్నాడని కాదు. కాని నాకలాగే తగిలింది.

తెల్లారింది, గాలి తగ్గింది. రాత్రంతా చల్లారిన ఇంజను మొదటి లాగుకే అందుకుంది. రేజు సగానికే ఉంచి నెమ్మదిగా వచ్చాం. ఒడ్డు కనిపించింది, రేవులో జనం కనిపించారు, మా అత్త ఎర్రచీర కనిపించింది. కెరటాలకి అవతల, పొంగు మొదలయ్యే చోట ఆగాం. అక్కడ ఆగడం మామూలే. పెద్ద కెరటాలు గుంపుగా వస్తాయి, వాటి తర్వాత కాసేపు చిన్నవి. మావ లెక్కపెట్టి చెయ్యి ఎత్తుతాడు, చెయ్యి దించగానే పూర్తి రేజు ఇచ్చి ఒక కెరటం వీపు వెనకే దాన్ని దాటిపోకుండా, వెనకది మనల్ని అందుకోకుండా ఒడ్డెక్కెయ్యాలి.

ఇంజను అప్పటికి నలభై నిమిషాలకి దగ్గర పడింది. ఇంకా దగ్గలేదు. నాకు భయమేసింది. "మావా, ఇరవై నిమిషాలు ఆపుతాను, చల్లారనిచ్చి అప్పుడు కొడదాం" అన్నాను. ఆయన సరేనన్నాడు. నేను ఆపాను.

ఇరవై నిమిషాల తర్వాత నాలుగో లాగుకి అందుకుంది. మావ లెక్కపెట్టాడు, చెయ్యి దించాడు. నేను పూర్తిగా రేజు ఇచ్చాను. మొదటి వరస దాటాం. రెండో వరసలో, కెరటం వీపు మీద ఉండగా దగ్గింది, ఆగింది. ముందున్న కెరటం మమ్మల్ని వదిలేసి పోయింది. వెనకది వచ్చి బోటు వెనక భాగాన్ని ఎత్తి అడ్డం తిప్పేసింది. ఆ పైన నాకు గుర్తున్నది నీళ్ళు, ఇసక, నోట్లో పెట్రోలు వాసన. రేవులోంచి జనం ఈదుకుంటూ వచ్చేశారు. కుర్రాడిని, బామ్మర్దిని, నన్ను లాగేశారు. మావ మీద బోటు అంచు పడింది. తొడ ఎముక విరిగింది.

శ్రీకాకుళం పెద్దాసుపత్రికి, అక్కణ్ణుంచి విశాఖ కేజీహెచ్‌కి తీసుకెళ్ళాం. రాడ్డు వేశారు. ఇరవై రెండు రోజులు మంచం పక్కన నేల మీద పడుకున్నాను. మావ నన్ను ఒక్క మాట అనలేదు. అత్త అంది. ఆసుపత్రి వరండాలో అందరి ముందూ అంది. "ఇంజను బాగులేదని తెలిసీ నా మనిషిని తీసుకుపోనాడు" అంది. అందులో అబద్ధం లేదు, అందుకని తలొంచుకున్నాను.

ఊళ్ళోకి తిరిగొచ్చాక ఇంజను పాతసామాన్లవాడికి అమ్మేయమని అందరూ అన్నారు. బోటు తిరగబడిన రోజే బామ్మర్ది దాన్ని మంచినీళ్ళతో కడిగి, ప్లగ్గులు తీసి లోపలి నీళ్ళు తోడేసి, ఆయిలు పోసి ఉంచాడు. నేను అమ్మనన్నాను. అది ఎందుకు ఆగిందో తెలియకుండా అమ్మేస్తే, నా చేతి తప్పా ఇంజను తప్పా అన్నది జన్మలో తేలదు. ఆయిలు తప్పు కలిపానన్న మాట అలాగే నిలబడిపోతుంది. అంతకన్నా, తెలియని జబ్బుతో ఇంకెవరో దాన్ని కొనుక్కుని కెరటంలోకి పోతారు.

మా వరస బావ ఒకాయన వీరావల్‌లో పదేళ్ళు ట్రాలరు మీద ఇంజను డ్రైవరుగా చేశాడు. మా జిల్లా నుంచీ విజయనగరం తీరం నుంచీ గుజరాత్‌కి వలస వెళ్ళేవాళ్ళు వేలమంది. 2018 నవంబరులో మన వైపు వాళ్ళు ఇరవైమందికి పైగా పాకిస్తాన్ వాళ్ళకి చిక్కి, 2020 జనవరిలో వాఘా మీదుగా చాలామంది తిరిగొచ్చారు చూడండి, ఆ గొడవ తర్వాత ఇంట్లోవాళ్ళు ఇక పోనివ్వమంటే బావ ఊళ్ళో ఉండిపోయాడు. నేను ఆయన దగ్గరికి వెళ్ళి మొత్తం చెప్పాను. ఆయన మధ్యలో ఆపి మూడు ప్రశ్నలు అడిగాడు.

"ఆగినప్పుడు రబ్బరు బుడ్డ గట్టిగా ఉందా, మెత్తగా ఉందా?" ట్యాంకుకీ ఇంజనుకీ మధ్య పైపులో ఉండే చేతిపంపు సంగతి అది. నేనెప్పుడూ పట్టి చూడలేదు. "ప్లగ్గు విప్పితే తడిగా ఉందా, పొడిగా ఉందా?" చూడలేదు. "ఇది ఇంతకుముందు ఎప్పుడైనా సంద్రంలో ములిగిందా?"

మునిగింది. సంక్రాంతికి ముందు, దించేటప్పుడు కెరటం కొట్టి బోటు ఒక పక్కకి ఒరిగిపోయింది. ఇంజను నీళ్ళల్లోకి పోయింది. అయిదు నిమిషాల్లో తీసేశాం, కడిగేశాం, ఆరబెట్టాం, ఆ సాయంత్రమే నడిచింది. నిషేధం దాకా మూడు నెలలు ఏ లోటూ లేకుండా నడిచింది. ఆ సంగతి నేను పూర్తిగా మరిచిపోయాను. షాపులో కూడా చెప్పలేదు. వాళ్ళూ అడగలేదు.

బావ అన్నాడు: "సల్లగున్నప్పుడు దీన్ని ఎన్నిసార్లు ఇప్పినా నీకేటీ దొరకదు. ఆగిపోనప్పుడు, ఆ ఏడి మీదే సూడాలి. ఒక్కసారికి ఒక్కటే మార్సాలి. నాలుగూ ఒక్కపాలి మార్సీసినావనుకో, ఏది బాగుసేసినాదో నీకెలా తెలుస్తాది?"

సెప్టెంబరు ఆఖర్లో సముద్రం కాస్త నెమ్మదించిన రోజు చూసి, ఇంకో బోటుని పక్కన పెట్టుకుని, వల లేకుండా బయల్దేరాం. వలకి బదులు ఇసక బస్తాలు వేశాం, బరువు ఉండాలని. వేరే కొత్త పైపు, వేరే డబ్బాలో అప్పుడే కలిపిన పెట్రోలు. గాలి ఆడక లోపలికి పెట్రోలు దిగకపోతే కూడా ఇలాగే ఆగుతుంది కాబట్టి డబ్బా మూత మర వదులు చేశాం. బామ్మర్ది ఫోన్లో గడియారం పెట్టి కూర్చున్నాడు. ముప్పై ఎనిమిదో నిమిషంలో దగ్గింది. నలభై మూడుకి ఆగింది.

బావ బుడ్డ నొక్కాడు. రాయిలా ఉంది. అంటే పెట్రోలు వస్తోంది. సిలిండరు తల మీద నాలుగు చుక్కలు నీళ్ళు చల్లాడు, చుయ్యిమనలేదు. అంటే ఇంజను మాడిపోవడం లేదు, నీళ్ళు సరిగ్గానే తిరుగుతున్నాయి. ప్లగ్గులు విప్పాడు. రెండూ తడిగా ఉన్నాయి, పెట్రోలు వాసన. లోపలికి వచ్చిన పెట్రోలు మండటం లేదు. అప్పుడు డబ్బా మూత బిగించి పక్క బోట్లోకి ఇచ్చేసి, తడిసిన చోట్లు తుడిచి, ప్లగ్గు కన్నాలు వేరే పాత ప్లగ్గులతో మూసేసి, గాలికి కాసేపు ఉంచాడు. పెట్రోలు ఆవిరి ఉండగా స్పార్కు చూడబోయి ఒళ్ళు కాల్చుకున్నవాళ్ళున్నారు, ఈ జాగ్రత్త లేకుండా ఎవరూ చెయ్యకండి. ప్లగ్గు ఒంటిని వైరుతో ఇంజను దిమ్మకి కట్టి, తువ్వాలు నీడ పట్టి, నన్ను తాడు లాగమన్నాడు.

లాగాను. ఏమీ లేదు. ఇంకోసారి. చీకటి. రెండో ప్లగ్గూ అంతే.

ముప్పావు గంట కూర్చున్నాం. మళ్ళీ లాగాను. తువ్వాలు నీడలో నీలంగా, టప్పుమంటూ మెరిసింది. బామ్మర్ది ఏడ్చేశాడు. నాకు ఏడుపు రాలేదు, కాళ్ళు మాత్రం నిలబడలేదు.

మర్నాడు అదే ఇంజను ఉన్న ఇంకొకళ్ళని బతిమాలి, పైన ఉండే స్పార్కు కాయిల్ అరువు తెచ్చి వేసి వెళ్ళాం. నలభై ఒకటికి ఆగింది. ఆ మర్నాడు వాళ్ళదే, స్పార్కుని నడిపించే సీడీఐ డబ్బా వేసి వెళ్ళాం. ముప్పై తొమ్మిది. ఇక ముఖ్యంగా అనుమానించాల్సింది ఫ్లైవీల్ కింద ఉండే కాయిల్‌నే, స్పార్కుకి కావలసిన కరెంటు పుట్టించేది. ఒడ్డెక్కగానే, ఇంజను ఇంకా వేడిగా ఉండగానే, పుల్లరుతో ఫ్లైవీల్ ఊడదీశాడు బావ. కాయిల్ వైర్లకి మీటరు పెట్టాడు. తెరకి ఎడమ పక్కన 1 అనే అంకె ఒక్కటే నిలబడింది. ఆ మీటరు భాషలో దానర్థం దారి తెగిపోయిందని. మీటరు అలాగే పట్టుకుని ఇసకలో కూర్చున్నాం. పాతిక నిమిషాల తర్వాత అంకెలు వచ్చాయి, రెండు వందల చిల్లర ఓంలు. సర్వీసు పుస్తకం ఇచ్చిన హద్దుల్లోనే ఉంది. షాపులో మీటరు పెట్టి చూసి ఉన్నా బాగుందనే చెప్పేవారు.

కాయిల్ అంటే వెంట్రుక కన్నా కాస్త లావు రాగితీగ లెక్కలేనన్ని చుట్లు. ఉప్పునీళ్ళు ఎక్కడో పై పూత లోంచి సందు చూసుకుని దిగాయి. కడిగినా ఆరబెట్టినా అక్కడి ఉప్పు పోలేదు, నెలల తరబడి తీగని తినేసింది. చల్లగా ఉన్నప్పుడు తెగిన కొనలు రెండూ ఒకదానికొకటి ఆనుకుని ఉండేవి. వేడెక్కి చుట్టూ ఉన్నదంతా ఉబ్బగానే వెంట్రుకవాసి దూరం జరిగేవి. చల్లారితే మళ్ళీ కలిసేవి.

నేను ఆ రోజు పొంగు దగ్గర ఆపిన ఇరవై నిమిషాల సంగతి బావని అడిగాను. చెప్పక తప్పలేదు ఆయనకి. ఇంజను తిరిగినంతసేపూ సముద్రపు నీళ్ళు లోపలికి వెళ్ళి వేడిని మోసుకొచ్చి బయట పారబోస్తాయి. ఆపగానే ఆ నీళ్ళు ఆగిపోతాయి. దిమ్మలో ఉన్న వేడి మాత్రం ఆగదు, పైకి పాకి ఫ్లైవీల్ కిందకి చేరుతుంది. ఆపాక మొదటి పది పదిహేను నిమిషాలూ ఆ కాయిల్‌కి నడుస్తున్నప్పటికన్నా ఎక్కువ వేడి. నేను చల్లార్చాలని ఆపాను. ఆపి దాన్ని కాల్చాను. ఆపకుండా చిన్న రేజులో ఉంచి, పైకప్పు తీసి, మావ చెయ్యి కోసం చూసి ఉంటే ఆ రెండు నిమిషాలూ నడిచేదేమో. నడవకపోనూ వచ్చు. ఈ లెక్క ఎన్ని రాత్రులు వేశానో, ఒక రోజు ఒకలా తేలుతుంది, ఇంకో రోజు ఇంకోలా.

కొత్త కాయిల్ మూడు వేల చిల్లర. విశాఖ నుంచి వచ్చింది. అక్టోబరులో బిగించి, అవే ఇసక బస్తాలు వేసుకుని వెళ్ళాం. నలభయ్యో నిమిషం దగ్గర పడుతుంటే నలుగురిలో ఎవరూ మాట్లాడలేదు. యాభై. అరవై. గంటన్నర పూర్తి రేజులో తిప్పి, ఆపి, వేడి మీదే లాగితే మొదటి లాగుకే అందుకుంది. రేవులోకి నేనే లెక్కపెట్టుకుని వచ్చాను. మావ ఇసకలో కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు, చంక కర్రలు పక్కన.

ఆ రాత్రి భోజనాలయ్యాక మావ కబురు పెట్టాడు, ఆ పాత కాయిల్ పట్టుకురమ్మని. తీసుకెళ్ళాను. అత్త తలుపు తీసి పక్కకి తప్పుకుంది. ఆస్పత్రి తర్వాత ఆ గుమ్మం తొక్కడం అదే మొదలు. మావ కాయిల్ అరచేతిలో పెట్టుకుని తిప్పి తిప్పి చూశాడు. చింతపిక్కంత కూడా మరక లేదు దాని మీద. "ఇదేనా?" అన్నాడు. బావ ఇంట్లో చేసి చూపించినట్టే చేశాను. వంద వాట్ల బల్బు పెట్టి, దాని కింద వేలెడు దూరంలో కాయిల్ ఉంచి, మీటరు తగిలించి ఆయన ఒళ్ళో పెట్టాను. అంకెలు కొంచెం కొంచెం పెరుగుతూ పోయాయి. అత్త కూడా వచ్చి మంచం అంచున కూర్చుంది. పావుగంట ఎవరం కదల్లేదు. ఉన్నట్టుండి అంకెలన్నీ పోయి ఎడమ పక్కన 1 మిగిలింది.

"తెగిపోనాది" అంది అత్త.

మావ మీటరు నా చేతికిచ్చి, "మళ్ళీ సల్లారనీ, ఇంకోపాలి సూద్దాం" అన్నాడు. బల్బు తీసేశాను. అత్త లేచి నాకు మంచినీళ్ళు తెచ్చింది.